పెదవులకు ఫిల్లర్: తెలియకుండా ఉండాలంటే ఎంత, ఎక్కడ?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పెదవుల ఫిల్లర్ల గురించే, అంటే పెదవి నిండుగా కనిపించేందుకు సూదితో లోపలికి ఎక్కించే జెల్ గురించే. అందుకే ఈ వారం శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయించాం. చర్మవైద్య నిపుణుల సమాధానాలివి.

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మాఘమాసంలో పెళ్లి. పై పెదవి బాగా సన్నం, నవ్వితే ఫొటోల్లో అసలు కనబడదు. ఫిల్లర్ వేయించుకుంటానంటే మా అమ్మ ‘మూతి వాచినట్టుంటుంది, వద్దు’ అంటోంది. వేయించుకున్నట్టు ఎవరికీ తెలియకుండా చేయగలరా? ఎంత మందు పడుతుంది? ఎప్పుడు వేయించుకోవాలి?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చేయవచ్చు. మీ అమ్మగారి కంటపడినవన్నీ ఎక్కువ వేసిన పెదవులు. బాగా వేసినవి ఎవరి కంటా పడవు కదా!

ముందు అద్దం ముందు నిలబడి నోరు వదులుగా పెట్టి చూసుకోండి. మామూలుగా ఉన్నప్పుడు పై పెదవి బాగానే ఉండి, నవ్వినప్పుడు మాత్రమే లోపలికి మడుచుకుపోతుంటే అది నోటి చుట్టూ ఉండే కండరం చేసే పని. దానికి ఫిల్లర్ వేస్తే పెదవి లావవుతుంది తప్ప మడత పోదు. అలాంటివాళ్లకు పై పెదవి అంచున బొటాక్స్ (కండరాన్ని సడలించే ఇంజెక్షన్) రెండు నుంచి నాలుగు యూనిట్లు చాలు. దీన్ని లిప్ ఫ్లిప్ అంటారు. రెండు మూడు నెలలు ఉంటుంది. మొదట్లో స్ట్రాతో తాగడం, ఈల వేయడం కష్టమవుతుంది, ‘ప, బ, మ’లు కాస్త తేలిపోతాయి. పాడేవాళ్లు, వేణువో సన్నాయో వాయించేవాళ్లు దీని జోలికి పోకపోవడం మంచిది.

నోరు వదులుగా ఉన్నప్పుడు కూడా పెదవి సన్నమే అయితే అప్పుడు ఫిల్లర్ సంగతి. సిరంజిలో సాధారణంగా ఉండేది ఒక ఎంఎల్, అంటే టీస్పూన్‌లో ఐదోవంతు. మొదటిసారి రెండు పెదవులకూ కలిపి 0.5 నుంచి 0.6 ఎంఎల్ దాటనివ్వకండి. ఆ కొద్దిపాటి మందూ ఎక్కడ పడిందన్నదే అసలు విషయం. పై పెదవికి పుట్టుకతోనే మూడు చిన్న ఉబ్బులుంటాయి, నడుమ ఒకటి, అటూ ఇటూ ఒక్కోటి. కింది పెదవికి రెండు. ఒక్కోచోట 0.05 నుంచి 0.1 ఎంఎల్ చొప్పున ఆ ఉబ్బుల్లోనే వేస్తే ఉన్న ఆకారమే నిండుగా కనిపిస్తుంది. ఈ ఉబ్బుల మధ్య పల్లాలను కూడా పూడ్చేస్తే పెదవి సాసేజ్‌లా ఒకే మందంతో తయారవుతుంది. నోటి మూలలకు వచ్చేసరికి పెదవి సన్నబడాలి, అక్కడ మందు అక్కర్లేదు. అంచు వెంట ఈ కొస నుంచి ఆ కొసకు గీత గీసినట్టు వేయడం కూడా వద్దు. ఫిల్లర్ వేయించుకున్నారని ఇట్టే పట్టిచ్చేది ఆ గీతే. పై పెదవి నడుమ ఉండే విల్లు ఒంపు మరీ చెరిగిపోయి ఉంటే అక్కడొక్కచోట రవ్వంత వేయవచ్చు.

పై పెదవి ఒకటైతే కింది పెదవి 1.6 ఉండాలనే లెక్క పాశ్చాత్య పుస్తకాల్లోది. మన ముఖాల్లో పై పెదవి కాస్త నిండుగా ఉండటం మామూలే, రెండూ దాదాపు సమానంగా ఉన్నా ఎబ్బెట్టుగా ఉండదు. కింది పెదవిని పై పెదవి మించిపోతే మాత్రం కృతకంగా కనిపిస్తుంది.

ఇక చాలామంది డాక్టర్లు కూడా హడావుడిలో వదిలేసేది పక్కనుంచి చూడటం. ముక్కు కొస నుంచి గడ్డం కొసకు ఒక స్కేలు ఆనించినట్టు ఊహించుకోండి. పెదవులు ఆ గీతకు కాస్త వెనకే ఉండాలి. గడ్డం చిన్నగా, లోపలికి ఉన్నవాళ్లకూ ముందు పళ్లు ఎత్తుగా ఉన్నవాళ్లకూ పెదవులు అప్పటికే ముందుకు తోసుకొచ్చి ఉంటాయి. అక్కడ ఇంకో అర ఎంఎల్ వేస్తే మూతి పొడుచుకొస్తుంది. ఎత్తుపళ్లకు క్లిప్పులు, గడ్డానికి ఫిల్లర్ ముందు, పెదవులు తర్వాత. గడ్డం సరిచేశాక పెదవుల ఊసే ఎత్తనివాళ్లు ఉంటారు.

మందు విషయానికొస్తే, పెదవి రోజంతా కదులుతూనే ఉంటుంది కాబట్టి సాగే గుణమున్న మెత్తటి జెల్ కావాలి. ఈ జెల్‌లు మన ఒంట్లో సహజంగానే ఉండే హైలురోనిక్ యాసిడ్‌తో చేసినవి. రెస్టిలేన్ కిస్ (ఎంఎల్‌కు 20 మి.గ్రా. హైలురోనిక్ యాసిడ్), జువిడెర్మ్ వోల్బెల్లా (15 మి.గ్రా.) పెదవుల కోసం వాడేవే. బుగ్గలకూ గడ్డానికీ వేసే గట్టి జెల్ మిగిలిందని పెదవిలో వేయనివ్వకండి, మాట్లాడుతుంటే తాడులా తేలుతుంది.

ఇక తేదీలు. పెళ్లికి కనీసం రెండు నెలల ముందు మొదటి సిటింగ్. అంతకు రెండు వారాల ముందే పళ్ల క్లీనింగ్, ఫిల్లింగ్ లాంటివి ముగించుకోండి, తర్వాత రెండు వారాలూ వాటి జోలికి వెళ్లకండి. ఐబుప్రొఫెన్, చేపనూనె, విటమిన్ ఇ మాత్రలు వారం ముందు ఆపేస్తే కమిలిన మచ్చలు తక్కువ. పెదవిపై హెర్పిస్ నీటిపొక్కులు ఎప్పుడైనా వచ్చి ఉంటే తప్పకుండా చెప్పండి. సూది తగిలితే అవి తిరగబెడతాయి, వాలసైక్లోవిర్ లాంటి మాత్రలు ముందు నుంచే వాడితే ఆగుతాయి. నొప్పికి మత్తు క్రీము 30 నుంచి 45 నిమిషాలు పెడితే చాలు, జెల్‌లోనే 0.3 శాతం లిడోకేన్ అనే మత్తుమందు కలిసి ఉంటుంది. పంటి డాక్టరు ఇచ్చేలాంటి మత్తు ఇంజెక్షన్‌తో పెదవి వాలిపోతుంది, ఆకారం అంచనా దొరకదు. రక్తనాళం మూసుకుంటే హెచ్చరించాల్సిన నొప్పి కూడా తెలియకుండా పోతుంది.

వాపు మర్నాడు పొద్దున బాగా ఎక్కువగా, రెండు పక్కలా ఒకేలా లేకుండా ఉంటుంది. కంగారొద్దు. నాలుగైదు రోజులకు వాపు దిగుతుంది, సరిగ్గా అప్పుడే చాలామంది ‘అంతా పోయింది, ఇంకో సిరంజి వేయండి’ అంటూ ఫోన్ చేస్తారు. వాపు పెదవికి కళ్లు అలవాటు పడటమే కారణం. మొత్తం ముఖాన్నే మార్చేసే పెదవులకు అదే తొలిమెట్టు. రెండు వారాలు గడిచేదాకా ఏమీ తేల్చకండి. నాలుగు వారాలకు చూపించుకుని, కావాలంటే 0.2 లేదా 0.3 ఎంఎల్ కలిపించుకోండి. పెళ్లి నెల రోజుల్లోకి వచ్చాక సూది ముట్టుకోకూడదు.

ప్రశ్న: రెండేళ్లలో నాలుగుసార్లు ఫిల్లర్ వేయించుకున్నాను, ప్రతిసారీ ఒక ఎంఎల్. ఇప్పుడు పై పెదవి మీద మీసం వచ్చేచోట గట్టులా ఉబ్బింది. లిప్‌స్టిక్ వేస్తే అంచు ఎక్కడో తెలియడం లేదు. మళ్లీ వేస్తే అంచు తేలుతుందని క్లినిక్ వాళ్లంటున్నారు. నిజమేనా?
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఇంకో చుక్క కూడా వేయించుకోకండి. మీది మందు అంచు దాటి పైకి పాకిన కేసు. పక్కనుంచి టార్చి వేసి అద్దంలో చూస్తే పెదవి గీతకు పైన నీడ పడేంత గట్టు కనిపిస్తుంది, రెండు వేళ్లతో పట్టుకుంటే మెత్తగా జారుతుంది.

పెదవిలో చోటు కొంచెమే. అందులో పట్టనిది మెత్తటి దారి చూసుకుని పెదవి గీతకు పైనున్న చర్మం అడుగుకు చేరుతుంది. ఆరు నెలలకు మందు కరిగిపోతుందన్న లెక్కతో మళ్లీ మళ్లీ వేయించుకోవడం దీనికి పెద్ద కారణం. కంటికి తగ్గినట్టున్నా లోపల కొంత మిగిలే ఉంటుంది, ఏళ్ల తర్వాత స్కానింగుల్లో కనబడిన సందర్భాలున్నాయి. రెండో కారణం పద్ధతి. ‘రష్యన్ లిప్స్’ పేరుతో అంచు బయట నుంచి సూది గుచ్చి నిలువు గీతలుగా వేస్తారు, సూది పోయిన దారిలోనే మందు వెనక్కి వస్తుంది. అందరికీ పాకుతుందని కాదు, సన్నటి పెదవులకు ఎక్కువ మందుతో ఇది చేస్తే పాకకుండా ఉండటం కష్టం. మసాజ్‌తో కిందికి దిగుతుందని కూడా చెబుతారు. ఇన్నాళ్ల తర్వాత దిగదు.

కరిగించడమే దారి. హైలురోనిడేజ్ అనే ఎంజైమ్‌ను గట్టు ఉన్నచోట కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. ఒకటి రెండు రోజుల్లో తేడా తెలుస్తుంది. పాత మందు ఎక్కువుంటే ఒకటి రెండు వారాల తర్వాత ఇంకో విడత పడుతుంది. ‘నా సొంత పెదవి కూడా కరిగిపోతుందా’ అన్న భయం చాలామందికి ఉంటుంది. మన ఒంట్లోని హైలురోనిక్ యాసిడ్ కొంత కరిగినా శరీరం త్వరగానే మళ్లీ తయారుచేసుకుంటుంది. అయితే మొదటి కొద్ది రోజులు పెదవులు గాలి తీసినట్టు, అసలు కన్నా సన్నగా అనిపిస్తాయి. ఇది ముందే తెలిసుంటే ఏడుపు ఉండదు. తేనెటీగో కందిరీగో కుట్టినప్పుడు ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం వచ్చినవాళ్లు ఆ మాట తప్పక చెప్పాలి. వాళ్లకు ఈ ఎంజైమ్ పడకపోవచ్చు, చర్మపరీక్ష చేశాకే ఇస్తారు.

తిరిగి వేయించుకోవాలనుకుంటే కనీసం రెండు వారాలు, వీలైతే నెల ఆగి, అర ఎంఎల్‌తో మళ్లీ మొదలు. మీకు వేసిన మందు పేరు రాయించుకుని తెచ్చుకోండి. ఈ ఎంజైమ్ హైలురోనిక్ యాసిడ్‌ను తప్ప ఇంకేదీ కరిగించలేదు. సిలికాన్ లాంటి శాశ్వత పదార్థమైతే సర్జన్ దగ్గరికే వెళ్లాలి.

ప్రశ్న: నాకు 58. పెదవులు బాగా సన్నబడ్డాయి, పైన నిలువు గీతలు పడి లిప్‌స్టిక్ వాటిలోకి పాకుతోంది. పై పళ్ల సెట్టు పెట్టుకుంటాను. రెండేళ్ల కిందట స్టెంట్ వేశారు. ఈ వయసులో ఫిల్లర్ నప్పుతుందా?
– ఓ పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: నప్పుతుంది. అయితే ముందు వెళ్లాల్సింది పళ్ల సెట్లు కట్టే డాక్టరు దగ్గరికి. పళ్లు పోయాక పై దవడ ఎముక అరుగుతుంది, పెదవికి వెనక ఆసరా ఉండదు. పాత సెట్టు వదులై ఉంటే పెదవి లోపలికి పడిపోతుంది. ముందు పళ్లను కాస్త సరిచేసి కొత్త సెట్టు కడితే పెదవి దానంతటదే కొంత ముందుకొస్తుంది. ఆసరా లేని పెదవిలో మందు నింపితే బరువుకు వేలాడుతుంది.

రెండోది, ముక్కు కింద నుంచి పెదవి గీత దాకా స్కేలుతో కొలవండి. వయసుతో ఈ దూరం సాగుతుంది. 13 నుంచి 15 మి.మీ. ఉంటే ఇబ్బంది లేదు. 20 దగ్గరగా ఉంటే మాత్రం ఫిల్లర్ వేసేకొద్దీ పై పెదవి కిందికి జారి పళ్లను కప్పేస్తుంది. అప్పుడు చిన్న సర్జరీతో పెదవిని పైకెత్తడమే సరైనది, అక్కర్లేదనుకుంటే ఉన్నట్టే వదిలేయడం. సగం కుదిరే ఫిల్లర్ కన్నా అదే నయం.

లిప్‌స్టిక్ పాకకుండా ఉండాలంటే, పైన పడుచు పాఠకురాలికి వద్దన్న అంచు పనే మీకు పనికొస్తుంది. పలుచని జెల్ 0.3 నుంచి 0.4 ఎంఎల్, అంచుకు సన్నగా ఆసరా ఇచ్చేంత. లోతైన నిలువు గీతలకు లేజర్ మేలు. గీతగీతలోనూ మందు నింపితే నోటి చుట్టూ పట్టీ కట్టినట్టవుతుంది. స్టెంట్ కోసం వాడే, రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్రలను ఫిల్లర్ కోసం ఆపకండి. గుండె డాక్టరును అడగకుండా ఒక్కపూట కూడా మానొద్దు. కమిలిన మచ్చలు కాస్త ఎక్కువ వస్తాయి, పది రోజుల్లో పోతాయి.

ప్రశ్న: నా పెదవులు నలుపు. ఫిల్లర్ వేస్తే గులాబీ రంగు వస్తుందా?
– ఓ పాఠకురాలు, వరంగల్

జవాబు: రాదు. ఫిల్లర్‌కు రంగుతో సంబంధం లేదు, చర్మం సాగి కొంచెం మెరుపు వస్తుందంతే. పెదవులు తడుపుకునే అలవాటు, పడని లిప్‌స్టిక్ లేదా టూత్‌పేస్ట్, పొగ, ఎండ, వీటిలో ఏది కారణమో ముందు చూపించుకోండి. పుట్టుకతో వచ్చిన రంగైతే దానికి మందు అవసరమే లేదు.

ప్రశ్న: మా వీధి పార్లర్‌లో సూది లేకుండా పెన్‌తో ఫిల్లర్ వేస్తామంటున్నారు, 6 వేలే. సూది లేదు కాబట్టి ప్రమాదం ఉండదా?
– ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: సూది లేకపోవడం వల్లే ప్రమాదం ఎక్కువ. ఆ పెన్ మందును ఒత్తిడితో చర్మంలోకి కొడుతుంది. ఎంత లోతుకు వెళ్తుందన్నది ఎవరి చేతుల్లోనూ ఉండదు. పెదవిలోని రక్తనాళాలు ఎక్కువగా లోపలివైపు, కండరానికీ తడి పొరకూ మధ్య సాగుతాయి. లోతు తెలిసి వేయడమే ఈ పని మొత్తానికీ ప్రాణం. ఈ పెన్‌లు వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021 అక్టోబరులోనే హెచ్చరించింది.

ఫిల్లర్లు వేయాల్సింది చర్మవైద్యులు, ప్లాస్టిక్ సర్జన్లు. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు అడిగి రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఫిల్లర్ డబ్బా మీ ముందే సీలు విప్పాలి. దాని మీద పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, దిగుమతిదారు చిరునామా, దిగుమతి లైసెన్సు నంబరు, ఎంఆర్‌పీ ఉండాలి. లోపల వచ్చే స్టిక్కర్లలో ఒకటి మీ ఫైల్లో అంటించి ఒకటి మీకివ్వాలి. ‘హైలురోనిడేజ్ మీ దగ్గర ఇప్పుడు ఉందా, ఎన్ని వయల్స్?’ అని మొహమాటం లేకుండా అడగండి. 1500 యూనిట్ల వయల్ ఒక్కటి కూడా లేని చోట కుర్చీలో కూర్చోవద్దు.

డబ్బు మాట. పేరున్న ఫిల్లర్ ఒక ఎంఎల్‌కు మన పెద్ద నగరాల్లో 20 నుంచి 40 వేల దాకా అవుతుంది. మరి అర ఎంఎల్ చాలంటున్నారు, మిగతా సగం ఏమవుతుంది? ఫ్రిజ్‌లో దాచి వచ్చే నెల వేస్తామనే క్లినిక్కులున్నాయి. ఒప్పుకోకండి, ఒకసారి తెరిచిన సిరంజిలోకి సూక్ష్మజీవులు చేరితే పెదవిలో గడ్డలు కడతాయి. స్నేహితురాలితో చెరిసగం పంచుకోవడం అసలే వద్దు, సూది మార్చినా సిరంజిలోకి రక్తం వెనక్కి రావచ్చు, హెపటైటిస్, హెచ్ఐవీ అంటుకునే దారి అది. కొన్ని కంపెనీలు అర ఎంఎల్ సిరంజిలు చేస్తాయి, దొరుకుతాయేమో అడగండి. లేదంటే మిగిలిన సగం పారేయించండి. ప్రాణం ఉసూరుమంటుంది, నిజమే. కానీ ‘డబ్బులు పెట్టాం కదా, మొత్తం వేసేయండి’ అన్న మాటతోనే చాలా పెదవులు పాడయ్యాయి.

ప్రశ్న: న్యూజెర్సీ నుంచి మూడు వారాలు ఇండియా వస్తున్నాను. ఇక్కడి కన్నా చవక కాబట్టి హైదరాబాద్‌లో వేయించుకుని వెళ్లిపోదామనుకుంటున్నాను. తిరుగు ప్రయాణానికి ఎన్ని రోజుల ముందు వేయించుకోవచ్చు?
– ఓ పాఠకురాలు, అమెరికా

జవాబు: దిగిన వారంలోపే వేయించుకోండి, రెండు వారాల తర్వాత చూపించుకునేందుకు అప్పుడే వీలుంటుంది. మొదటి రెండు రోజులు ఊరు దాటకండి. అరుదుగానే అయినా, మందు రక్తనాళంలోకి వెళ్లి గానీ బయటి నుంచి నొక్కి గానీ రక్తం ఆగిపోతే అది బయటపడేది ఎక్కువగా ఆ వేళల్లోనే.

కమిలిన మచ్చకూ దీనికీ తేడా తెలుసుకోవాలి. కమిలిన చోట ఊదారంగు ఉంటుంది, నొక్కితే నొప్పి ఉంటుంది, గంటగంటకూ పెరగదు. రక్తం ఆగినచోట చర్మం మొదట పాలిపోతుంది, తర్వాత వల పరిచినట్టు ఊదా గీతలు వస్తాయి. ఇవి పెదవి దాటి ముక్కు పక్కకు కూడా పాకవచ్చు, ఎందుకంటే పై పెదవి రక్తనాళం కొమ్మలు ముక్కు వైపు వెళ్తాయి. నొప్పి పెరుగుతూ పోతుంది, మత్తు దిగకముందు అసలు లేకపోనూవచ్చు. వేలితో నొక్కి వదలండి. రెండు మూడు సెకన్లలో రంగు తిరిగి రావాలి. మన పెదవుల రంగు మీద ఇది సరిగా తెలియదు కాబట్టి పెదవి తిప్పి లోపలి తడి వైపు నొక్కి చూడండి, రెండో పక్కతో పోల్చండి. అనుమానం వస్తే అర్ధరాత్రైనా డాక్టరుకు ఫోన్ చేయండి, తెల్లారేదాకా ఆగితే పెదవి చర్మం కుళ్లే ప్రమాదముంది. ఐస్ పెడుతుంటే తీసేసి గోరువెచ్చని గుడ్డ పెట్టండి. వైద్యం మళ్లీ హైలురోనిడేజే, కాకపోతే ఇక్కడ మోతాదు పెద్దది. పెదవికి 500 యూనిట్ల చొప్పున, రంగు తిరిగొచ్చేదాకా గంటకోసారి ఇస్తారు. చూపు మసకబారితే నేరుగా పెద్దాసుపత్రికి.

మిగతావి చిన్న జాగ్రత్తలు. ఒక రోజు లిప్‌స్టిక్ వద్దు. రెండు రోజులు జిమ్, ఆవిరి స్నానం, మద్యం వద్దు. ఐస్ గుడ్డలో చుట్టి పది నిమిషాల చొప్పున పెట్టండి, తలగడ ఎత్తు పెంచుకోండి. సెలవుల్లో వచ్చినవాళ్లకు రోజూ ఎవరో ఒకరింట్లో భోజనమే, ఆ రెండు రోజులు మాత్రం ఆవకాయ, వేడివేడి పులుసు పక్కన పెట్టండి. వెళ్లేటప్పుడు సిరంజి స్టిక్కరు, ఎంత వేశారో రాసిన కాగితం పట్టుకెళ్లండి. వారాలో నెలలో గడిచాక ఫ్లూ జ్వరం వచ్చినా, పంటికి చీము పట్టినా, పెదవి ఒక్కసారిగా ఎర్రబడి గట్టిపడటం కొందరికి జరుగుతుంది. అక్కడి డాక్టరు మొదట అడిగేది లోపల ఏముందనే.

ప్రశ్న: ఒకసారి మొదలుపెట్టి ఆపేస్తే పెదవులు సాగి వేలాడతాయంటారు. నిజమా? మళ్లీ ఎన్నాళ్లకు వేయించుకోవాలి?
– ఓ పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఒక ఎంఎల్ లోపు అయితే వేలాడవు, మెల్లగా పాత ఆకారానికి వస్తాయి. రెండు మూడు ఎంఎల్‌లు నింపుకుంటూ పోయినవాళ్లకు చర్మం సాగవచ్చు. తిరిగి వేయించుకోవడానికి క్యాలెండర్ చూడకండి. మొదటిసారికి ముందూ, నాలుగు వారాల తర్వాతా ఫొటోలు తీసిపెట్టుకోండి. లిప్‌స్టిక్ లేకుండా, ఒకే కిటికీ వెలుతురులో, నోరు వదులుగా ఒకటి, నవ్వుతూ ఒకటి, పక్కనుంచి ఒకటి. సెల్ఫీ వద్దు, దగ్గరి లెన్స్ ముక్కునూ మూతినీ పెద్దవి చేసి చూపిస్తుంది. ఐదడుగుల దూరం నుంచి ఎవరితోనైనా తీయించండి. తొమ్మిది నెలలకో ఏడాదికో మళ్లీ అలాగే తీసి పక్కపక్కన పెట్టి చూడండి. ఫిల్లర్‌కు ముందు తీసిన ఫొటోకు దగ్గరగా వచ్చినప్పుడే వెళ్లాలి. ఈసారి సాధారణంగా 0.3 నుంచి 0.5 ఎంఎల్ సరిపోతుంది, ఆ ఫొటోలు కూడా డాక్టరుకు చూపించండి.